ఆ ఒక్క గజం ఎందుకు దాటలేకపోయారు?

2025 ఆగస్టు 30న కొలంబస్‌లో, కాలేజీ జట్ల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో, ఓహాయో స్టేట్ యూనివర్సిటీ చేతిలో మా టెక్సాస్ యూనివర్సిటీ 14-7తో ఓడిపోయింది. ఆ వారం నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో సగానికి పైగా టెక్సాస్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని పాసులు విసిరేవాడు, ఆర్చ్ మ్యానింగ్ గురించే. ఆ అబ్బాయి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే ఈ నెల అతని ముందు నిలబడే ఐదుగురి గురించి అడిగిన ప్రశ్నలే తీసుకున్నాను. మా అబ్బాయి రౌండ్ రాక్‌లో హైస్కూల్ చదివినప్పుడు అలాంటి ఐదుగురిలో ఒకడు. స్టేడియం మెట్ల మీద కూర్చుని నాలుగేళ్లు వాళ్లనే చూశాను. ఇది నా మనసుకు బాగా దగ్గరి విషయం.

*ప్రశ్న: మా అమ్మాయి ఆస్టిన్‌లో ఎం.ఎస్. చదువుతోంది. ఓడిపోయిన రోజు ఫోన్ చేసి "లైన్ నిలబడలేదు నాన్నా" అని చాలా బాధపడింది. ఆ లైన్ అంటే ఏమిటో నాకు తెలియదు. కొంచెం అర్థమయ్యేలా చెబుతారా అమ్మా?*
*— ఒక తండ్రి, విజయవాడ*

అన్నయ్యగారూ, మీ అమ్మాయి ఆటను బాగా చూస్తోంది. ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఒక్కో జట్టుకు పదకొండు మంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, వెళ్లలేకపోతే బంతి అవతలివాళ్లది. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. వంద గజాల మైదానం చివర ఎండ్ జోన్ ఉంటుంది. బంతిని అక్కడికి చేరిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు, తర్వాత గోల్ మీదుగా తన్నితే ఇంకొకటి.

ప్రతి ప్రయత్నం మొదలయ్యే ముందు బంతి దగ్గర ఐదుగురు భారీ మనుషులు ఒకే వరసలో వంగి నిలబడతారు. మధ్యలో ఉన్నవాడు సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డ్‌లు, చివర్లలో ట్యాకిల్‌లు. సెంటర్ తన కాళ్ల మధ్యనుంచి బంతిని వెనక ఉన్న క్వార్టర్‌బ్యాక్‌కు అందిస్తాడు. ఇక అక్కడినుంచి, పాస్ అయితే ఎదుటివాళ్లెవరూ ఆ క్వార్టర్‌బ్యాక్ మీద పడకుండా రెండున్నర మూడు సెకన్లు ఆపాలి. పరుగు అయితే తమవాడికి దారి తెరవాలి. ఈ ఐదుగురికీ ముందుకు విసిరిన పాస్ పట్టే హక్కు లేదు. ఎదుటివాణ్ణి పట్టి లాగితే పది గజాలు వెనక్కి పంపుతారు. బంతి కదలకముందు ఉలిక్కిపడినా ఐదు గజాలు పోతాయి. మైకులో వాళ్ల నంబర్ వినపడిందంటే చాలాసార్లు అది పెనాల్టీకే.

మీకు కబడ్డీ తెలిసే ఉంటుంది. నేను అవనిగడ్డ దగ్గర జడ్పీ హైస్కూల్లో ఎనిమిది నుంచి పదో తరగతి దాకా కార్నర్‌లో ఆడాను. కూతకు వచ్చిన అమ్మాయిని పట్టడానికి పక్కపిల్ల చెయ్యి పట్టుకుని గొలుసు కట్టేవాళ్లం. ఇద్దరం ఒకేసారి అడుగేస్తే ఎంత బలమైన పిల్లయినా చిక్కేది. నేను ముందు కదిలి తను అరక్షణం ఆలస్యంగా కదిలిందా, మా మధ్య సందు పడేది, కూతకొచ్చిన పిల్ల ఆ సందులోంచే జారిపోయేది. మా ఇద్దరికీ బలం ఉంది, కానీ అడుగు కలవలేదు. ఆఫెన్సివ్ లైన్ అంటే చేతులు పట్టుకోకుండా కట్టిన గొలుసు. ఐదుగురూ ఒకే మాట విని, ఒకే అడుగు వేయాలి. టీవీలో మనం బంతి వెంట పోతాం కాబట్టి సందు పడటం కనపడదు, సందులోంచి దూకినవాడు క్వార్టర్‌బ్యాక్‌ను పడేయడం మాత్రమే కనపడుతుంది.

*ప్రశ్న: అక్కా, నంబర్ వన్ ర్యాంకుతో సీజన్ మొదలుపెట్టిన టీమ్ ఏడు పాయింట్లేనా చేసేది? మా గ్రూపులో అందరూ తప్పు ఆర్చ్ ఒక్కడిదే అంటున్నారు. మీరేమంటారు?*
*— ఒక పాఠకుడు, ఫ్రిస్కో*

తమ్ముడూ, అతను 30 పాసులు విసిరితే 17 చేరాయి, 170 గజాలు వచ్చాయి, ఒక టచ్‌డౌన్, ఒక ఇంటర్‌సెప్షన్, అంటే ఎదుటివాళ్లు పట్టేసిన పాస్. తేలిక పాసులు కొన్ని తప్పాడు. అది నేను కాదనను. కానీ ఈ మ్యాచ్‌ను జనవరి నుంచి చూడమంటాను.

2025 జనవరి 10, ఆర్లింగ్టన్, కాటన్ బౌల్, అంటే టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్‌లో సెమీఫైనల్. అప్పుడూ ఎదుటివాళ్లు ఓహాయో స్టేట్‌వాళ్లే. 21-14తో వెనకబడి ఉండగా టెక్సాస్‌కు ఎండ్ జోన్‌కు ఒక్క గజం దూరంలో బంతి దొరికింది, చేతిలో నాలుగు ప్రయత్నాలు. మొదటిది మధ్యలోంచి పరుగు, ఏమీ రాలేదు. రెండోది బంతిని పక్కకు విసిరి పరుగు, ఏడు గజాలు వెనక్కి పోయారు. మూడోది పాస్, చేరలేదు. నాలుగో ప్రయత్నంలో వాళ్ల డిఫెన్స్ ఆటగాడు జాక్ సాయర్ వెనకనుంచి వచ్చి అప్పటి మా క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూయర్స్ చేతిలో బంతి కొట్టేసి, దాన్నే ఎత్తుకుని 83 గజాలు పరుగెత్తాడు. 28-14. సీజన్ అక్కడితో అయిపోయింది. మా హాల్లో పదిమంది ఉన్నారు, చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు ఆగస్టు 30. రెండో సగంలో, 7-0తో వెనకబడి ఉన్నప్పుడు, ఓపికగా మైదానం అంతా నడిచి మళ్లీ ఒక్క గజం దగ్గరికి వచ్చారు. నాలుగో డౌన్. క్వార్టర్‌బ్యాక్ స్నీక్, అంటే ఆర్చ్ బంతి అందుకున్న వెంటనే సెంటర్ వెనకాలే దూరిపోవాలి. అతను ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. ముందుకు ఒరిగితే చాలు గజం వచ్చేయాలి. రాలేదు. ఆ రోజు మొత్తం ఐదుసార్లు నాలుగో డౌన్‌లో ప్రయత్నించి ఒక్కసారే నెగ్గారు.

స్నీక్‌లో గెలుపు ఎవరు ఎంత కిందికి వంగారన్న దాని మీద ఉంటుంది. సెంటర్, రెండు గార్డ్‌లు కలిసి ఎదుటివాళ్ల ఛాతీ కిందకి దూరి, పైకి ఎత్తి వెనక్కి తోయాలి. ముగ్గురివీ భుజాలు ఒకే ఎత్తులో ఉండాలి. ఒకడు ఒక అంగుళం పైకి లేస్తే ఎదుటివాడి భుజం వాడి కిందకి వచ్చేస్తుంది, దారి మూసుకుపోతుంది.

ఆ వరసలో పాతవాళ్లు ఎవరు మిగిలారో చూడు. నాలుగేళ్లు సెంటర్‌గా ఉన్న జేక్ మేజర్స్ వెళ్లిపోయాడు. ఎడమ గార్డ్ హేడెన్ కానర్ వెళ్లిపోయాడు. ఎడమ ట్యాకిల్ కెల్విన్ బ్యాంక్స్, 2024లో దేశంలో ఉత్తమ లైన్‌మన్‌కు ఇచ్చే అవుట్‌లాండ్, లాంబార్డీ ట్రోఫీలు రెండూ గెలిచినవాడు, 2025 ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వరసగా ఎంచుకునే చోట, తొమ్మిదో పిక్‌గా న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌కు వెళ్లాడు. కుడి ట్యాకిల్ కామెరాన్ విలియమ్స్ కూడా ఎన్ఎఫ్ఎల్‌కే పోయాడు. పాతవాళ్లలో మిగిలింది కుడి గార్డ్ డీజే క్యాంప్‌బెల్ ఒక్కడు. ఆ రోజు సెంటర్ కోల్ హట్సన్ 2022లో ఫ్రెష్‌మన్‌గానే, అంటే కాలేజీ మొదటి ఏడాదిలోనే, గార్డ్ ఆడినవాడు, మంచి ఆటగాడు. అయినా గార్డ్ వేరు, సెంటర్ వేరు. సెంటర్ ఒక చేత్తో బంతి అందించాలి, అదే క్షణంలో రెండో చేత్తో మూడువందల పౌన్ల మనిషిని ఆపాలి. ఇవన్నీ జరగకముందే, ఎదుట ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూసి ఎవరు ఎవరిని పట్టాలో మిగతా నలుగురికీ అరిచి చెప్పాలి.

అది కూడా లక్షమందికి పైగా అరుస్తున్న స్టేడియంలో. ఎవరి మాటా వినపడదు. అలాంటప్పుడు సైలెంట్ కౌంట్ వాడతారు. గార్డ్ తల తిప్పి క్వార్టర్‌బ్యాక్ సైగ చూసి, సెంటర్‌ను తట్టి చెబుతాడు, సెంటర్ తల ఊపి లెక్కపెట్టుకుని బంతి వదులుతాడు. చివర ఉన్న ట్యాకిల్ ఎదుటివాణ్ణి చూడాలా, పక్కకు తిరిగి బంతి కదలడం చూడాలా? సొంత మైదానంలో అయితే గొంతు విని ముందే కదలగలడు. బయట ఆ వీలు పోతుంది. నలుగురు కొత్తవాళ్ల వరసను మొదటి మ్యాచ్‌కే అక్కడికి పంపారు.

ఆర్చ్‌కు తప్పులు లేవని చెప్పడానికి ఇదంతా రాయలేదు. అతని అడుగులు తడబడిన చోట ఒకసారి వీడియో ఆపి, అతని ముందున్న ఎడమ గార్డ్‌నూ సెంటర్‌నూ చూడు. మీ గ్రూపువాళ్లకూ చూపించు.

*ప్రశ్న: మేడమ్, మా ఓహాయో స్టేట్‌ను ఎవరూ మెచ్చుకోవడం లేదు. టెక్సాస్ పరుగులో 166 గజాలు చేసింది, మొత్తం 336. మేం చేసింది మొత్తం 203 గజాలే. మరి మీ లైన్ విఫలమైందని ఎలా అంటారు? మా డిఫెన్స్ గొప్పగా ఆడిందని ఒప్పుకోవచ్చు కదా.*
*— ఒక పాఠకుడు, డబ్లిన్, ఓహాయో*

ఒప్పుకుంటున్నాను బాబూ, మనస్ఫూర్తిగా. మీ డిఫెన్స్ కోఆర్డినేటర్ మ్యాట్ ప్యాట్రీషియాకు ఓహాయో స్టేట్‌లో అదే మొదటి మ్యాచ్. ఆయన ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివి, ఆ ఉద్యోగం వదిలి ఆటలోకి వచ్చిన మనిషి. బంతి కదిలేదాకా తన మనుషుల్ని ఒక చోట నిలబెట్టి, కదిలాక ఇంకో చోటికి పంపాడు. ముందుకు వస్తారనుకున్నవాళ్లు వెనక్కి తగ్గారు. కొత్త సెంటర్‌ను కష్టపెట్టడానికి అంతకన్నా మంచి పద్ధతి లేదు.

మీరు చెప్పిన అంకెలు కూడా నిజమే. కానీ 166 గజాల్లో ఎక్కువ భాగం మైదానం మధ్యలో వచ్చాయి. అక్కడ డిఫెన్స్ వెనక చాలా చోటును కాపాడుకోవాలి, కాబట్టి ముందు పలచబడుతుంది. ఎండ్ జోన్ దగ్గరికి వచ్చేసరికి వెనక కాపాడాల్సిన చోటు ఉండదు, పదకొండు మందీ ముందుకు వచ్చేస్తారు. అప్పుడు లైన్ అసలు బలం తెలుస్తుంది. మూడో డౌన్, నాలుగో డౌన్‌లలో, రెండు మూడు గజాలు కావాల్సిన చోట మావాళ్లు ఆగిపోయారు. నేను విఫలమైందన్నది అక్కడి సంగతే.

మీ టీమ్ నుంచి నేను నేర్చుకున్నది ఒకటి ఉంది. 2024 అక్టోబర్ 12న ఒరెగాన్‌లో మీ ఎడమ ట్యాకిల్ జాష్ సిమన్స్ మోకాలి గాయంతో సీజన్‌కే దూరమయ్యాడు. ఆ మ్యాచ్ 32-31తో ఓడారు. అప్పుడు ఎడమ గార్డ్ డానవన్ జాక్సన్‌ను ట్యాకిల్‌కు మార్చారు. నవంబర్‌లో సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్‌కు మడమ దగ్గర నరం తెగింది, సెంటర్‌లోకి కార్సన్ హింజ్‌మన్ వచ్చాడు. మిషిగన్ చేతిలో 13-10తో ఓడినప్పుడు ఆ లైన్‌ను తిట్టనివాళ్లు లేరు. అదే లైన్ ఆ తర్వాత నాలుగు ప్లేఆఫ్ మ్యాచ్‌లు గెలిపించి కప్పు తెచ్చింది. పక్కకు జరిపిన జాక్సన్ 2025 ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే మిన్నెసోటాకు వెళ్లాడు. హ్యూస్టన్ దగ్గర బెలైర్ పిల్లాడు, మా టెక్సాస్‌వాడే. ఆ కోచింగ్ చూసి నాకు చాలా గౌరవం కలిగింది.

*ప్రశ్న: ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది, డబ్బూ ఉంది. నలుగురు వెళ్లిపోతారని ముందే తెలిసినప్పుడు నలుగురు అనుభవజ్ఞుల్ని తెచ్చుకోవచ్చు కదా ఆంటీ?*
*— ఒక విద్యార్థి, హైదరాబాద్*

తెచ్చుకోవచ్చు బాబూ. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ఆ పోర్టల్ 2018 అక్టోబర్‌లో మొదలైంది. 2021లో ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకునే వీలు వచ్చింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం, 2025-26లో ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లందరికీ కలిపి 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా ఇచ్చే వీలు వచ్చింది. డబ్బు కొరత టెక్సాస్‌కు లేదు.

అయినా కోచ్ స్టీవ్ సార్కీషియన్, లైన్ కోచ్ కైల్ ఫ్లడ్ తాము హైస్కూల్ నుంచి తెచ్చి పెంచిన పిల్లల్నే నమ్ముకున్నారు. ఎడమ ట్యాకిల్ ట్రెవర్ గూస్బీ 2024 డిసెంబర్‌లో బ్యాంక్స్ గాయపడినప్పుడు జార్జియాపై ఎస్ఈసీ (టెక్సాస్ ఆడే కాన్ఫరెన్స్) ఫైనల్ ఆడాడు. కుడి ట్యాకిల్ బ్రాండన్ బేకర్ కాలిఫోర్నియా నుంచి వచ్చి ఒక ఏడాది వెనక నిలబడి నేర్చుకున్నాడు. నాకు ఈ దారే ఇష్టం. లైన్‌మన్ పద్దెనిమిదేళ్లకు తయారైపోడు, ఇరవై ఒకటి, ఇరవై రెండు దాకా ఎదుగుతూనే ఉంటాడు.

అయితే నాకు ఒక అసంతృప్తి ఉంది, దాచుకోను. కనీసం గార్డ్ చోటుకైనా, పెద్ద స్టేడియంలో ముప్పై మ్యాచ్‌లు ఆడినవాణ్ణి ఒకణ్ణి తెచ్చి ఉండాల్సింది. కొత్త సెంటర్ పక్కన, కొత్త ఎడమ ట్యాకిల్ పక్కన, మధ్యలో మళ్లీ కొత్త గార్డ్. ముగ్గురు కొత్తవాళ్లు పక్కపక్కనే నిలబడ్డప్పుడు ఒకడు తడబడితే సర్దడానికి పక్కన ఎవరూ ఉండరు.

*ప్రశ్న: మాది షార్లెట్. మా క్లెమ్సన్ కూడా అదే రోజు ఓడిపోయింది. ఇక సీజన్ అయిపోయినట్టేనా?*
*— ఒక పాఠకురాలు*

లేదు చెల్లీ. ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్) చేతిలో 17-10తో ఓడారు, అదీ సొంత మైదానంలో. పరుగులో మీవాళ్లకు వచ్చింది 31 గజాలే. మా లైన్ కన్నా మీ లైన్ గురించే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే మీది పాతవాళ్లున్న లైన్. అలబామా కూడా అదే శనివారం ఫ్లోరిడా స్టేట్ చేతిలో 31-17తో ఓడింది.

ఈ ఫ్లోరిడా స్టేట్ కథే చూడు. 2024లో ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో మొదటి మ్యాచ్ జార్జియా టెక్ చేతిలో 24-21తో ఓడింది, లైన్ నిలబడలేదు. అంతకుముందు ఏడాది లీగ్ దశలో ఒక్క మ్యాచ్ ఓడని జట్టు, 2024ను రెండు గెలుపులు, పది ఓటములతో ముగించింది. 2025లో లైన్ కోచ్‌ను మార్చి హెర్బ్ హ్యాండ్‌ను తెచ్చుకున్నారు. ఆయన 2018 నుంచి 2020 దాకా ఇక్కడ టెక్సాస్‌లోనే లైన్ కోచ్. కొత్త మనుషుల్నీ తెచ్చుకున్నారు. వాళ్లే అలబామా మీద 230 గజాలు పరుగెత్తారు.

ఇంకో వైపు నోటర్‌డామ్. 2024 సీజన్ ముందే ఎడమ ట్యాకిల్ చార్లెస్ జగూసా గాయపడితే, ఆంటనీ న్యాప్ అనే ఫ్రెష్‌మన్‌ను మొదటి మ్యాచ్‌కే టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఊరు కాలేజ్ స్టేషన్‌లో నిలబెట్టారు. ఆ మ్యాచ్ గెలిచి, తర్వాతి వారం నార్దర్న్ ఇల్లినాయ్ చేతిలో సొంత మైదానంలో 16-14తో ఓడారు. అందరూ వదిలేశారు. ఆ లైన్ నవంబర్‌కల్లా కుదురుకుంది, జట్టు జనవరి 20న ఫైనల్ ఆడింది. న్యాప్ సెమీఫైనల్లో గాయపడితే ఫైనల్లో ఆ చోట ఆడింది ఎవరనుకున్నావు? జగూసానే, కోలుకుని వచ్చాడు.

ఇప్పుడు ప్లేఆఫ్‌లో పన్నెండు జట్లు ఉన్నాయి. ఒక ఓటమితో తలుపు మూసుకోదు. అక్టోబర్ మొదటి వారంలో మీ టీమ్ మూడో డౌన్, రెండు గజాలు కావాల్సినప్పుడు పరుగెత్తుతోందా, పాస్ విసురుతోందా గమనించు. పాస్ విసురుతోందంటే కోచ్‌కు ఇంకా తన లైన్ మీద నమ్మకం కుదరలేదన్నమాట.

*ప్రశ్న: అక్కా, మా అబ్బాయికి పదిహేనేళ్లు, కేటీలో హైస్కూల్ జేవీ (జూనియర్) టీమ్‌లో ఆడతాడు. మొదటి మ్యాచ్ పెద్ద తేడాతో ఓడారు. తర్వాత కోచ్ వాణ్ణి ట్యాకిల్ నుంచి గార్డ్‌కు మార్చాడు. చుట్టాలేమో "అంత లావేంటి, ఆ మొద్దు ఆటేంటి" అంటారు. వాడు మానేస్తానంటున్నాడు. నాకూ దెబ్బల భయం ఉంది. ఏం చెప్పను?*
*— ఒక తల్లి*

చెల్లీ, నీ ఉత్తరం చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. ఎనిమిదేళ్ల కిందటి మా ఇల్లే కనపడింది.

మావాడు పదకొండో తరగతిలో మొదటిసారి వర్సిటీ టీమ్‌లో, అంటే స్కూల్ ప్రధాన జట్టులో, ఎడమ గార్డ్‌గా దిగాడు. ఆగస్టు చివరి శుక్రవారం, సాయంత్రం ఏడున్నరకు కూడా మెట్లు కాలుతున్నాయి. మొదటి సగంలోనే మా క్వార్టర్‌బ్యాక్ మూడుసార్లు కింద పడ్డాడు, మూడుసార్లూ మావాడి పక్కనుంచే వచ్చారు. నా వెనక వరసలో ఒకాయన మావాడి నంబర్ చెప్పి అరిచాడు, "వాణ్ణి తీసెయ్యండి" అని. వాడి తల్లి ముందు కూర్చుందని ఆయనకు తెలియదు. నేను తిరిగి చూడలేదు. ఇంటికొచ్చాక పిల్లాడు అన్నం ముట్టలేదు, గ్యారేజీలో లైటు వేయకుండా కూర్చున్నాడు.

శనివారం పొద్దున మ్యాచ్ వీడియోలు పెట్టే హడల్ అనే యాప్‌లో వీడియో వచ్చింది. నేను వాడి పక్కన కూర్చుని ఆ మూడు ప్లేలూ నాలుగైదుసార్లు చూశాను. నాకు అప్పటికి ఫుట్‌బాల్ అంతగా తెలియదు. కానీ కబడ్డీ తెలుసు. వాడి కళ్లు ఎదుటివాడి మీదే అతుక్కున్నాయి. ఎదుటివాడు కావాలనే సెంటర్ వైపు జరిగాడు, వీడు వాడితోనే వెళ్లిపోయాడు. వాడి వెనకనుంచి ఇంకొకడు చుట్టి వచ్చి ఖాళీ అయిన చోట్లోంచి దూకాడు. దాన్ని స్టంట్ అంటారని తర్వాత తెలిసింది. అప్పుడు చేయాల్సింది, తన మనిషిని సెంటర్‌కు అప్పగించి చుట్టి వచ్చేవాడి కోసం ఆగడం. అప్పగించాలంటే మాట కావాలి. ఆ ఇద్దరు పిల్లలూ ఒక్క మాట కూడా అనుకోలేదు. సెంటర్ పిల్లాడు వేరే స్కూల్ నుంచి ఆ వేసవిలోనే వచ్చాడు, ఇద్దరికీ సరిగ్గా పరిచయమే లేదు.

ఆదివారం ఆ అబ్బాయిని మా ఇంటికి పిలిచాం. డ్రైవ్‌వేలో సుద్దముక్కతో గీతలు గీశారు. నేనూ మా ఆయనా సోఫా దిండ్లు ఛాతీకి పట్టుకుని ఎదుట నిలబడ్డాం. మేం అటూ ఇటూ మారుతుంటే ఇద్దరూ "నీది", "నాది" అని అరుస్తూ చేతులు మార్చుకునేవాళ్లు. ఐదారు ఆదివారాలు అదే పని. గురువారాలు లైన్ పిల్లలందరికీ ఒక్కో ఇంట్లో భోజనం, మా వంతు వచ్చినప్పుడు చికెన్ బిర్యానీ పెద్ద గిన్నెలు రెండు చేశాను. తొమ్మిదిమంది పిల్లలు గిన్నెలు ఖాళీ చేసి, వాళ్లే కడిగి వెళ్లారు. అక్టోబర్ చివర ఒక మ్యాచ్‌లో అదే స్టంట్ మళ్లీ వచ్చింది. మావాడు తన మనిషిని వదిలి, ఒక్క అడుగు వెనక్కేసి, రెండోవాణ్ణి ఎదురు నిలబడి ఆపేశాడు. స్టేడియంలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను లేచి నిలబడి అరిచాను, పక్కవాళ్లు ఏమైందని చూశారు. పాస్ చేరి టచ్‌డౌన్ అయింది. పట్టిన పిల్లాడి దగ్గరికి అందరూ పరుగెత్తారు. క్వార్టర్‌బ్యాక్ మాత్రం ముందు మావాడి దగ్గరికొచ్చి హెల్మెట్ మీద తట్టి వెళ్లాడు.

గార్డ్‌కు మార్చడం అవమానం కాదని వాడికి చెప్పు. ట్యాకిల్‌కు పొడవైన చేతులు కావాలి, విశాలమైన చోట్లో ఒంటరిగా కాచుకోవాలి. గార్డ్ ఇరుకులో, ఇద్దరి మధ్య పనిచేస్తాడు. పదిహేనేళ్ల పిల్లాడు ఏ చోటుకు సరిపోతాడో కోచ్‌లు మార్చి మార్చి చూస్తారు. పైన రాసిన హట్సన్, జాక్సన్ ఇద్దరూ అలా చోటు మారినవాళ్లే.

చుట్టాల మాటలకు నేను బాధపడి కొన్ని ఫంక్షన్లు మానేశాను, ఆ పని నువ్వు చేయకు. పిల్లాడి ముందే చెప్పు, "వాడి ఆటకు ఆ ఒళ్లు కావాలి, డాక్టర్ చూస్తున్నారు" అని. నిజంగానే చూపించు కూడా. బీపీ, షుగర్ ఏటా పరీక్ష చేయించు. బరువు పెంచమని ఎవరైనా అంటే ఏం తిని, ఎంతలో అని డాక్టర్‌నే అడుగు, పొడుల డబ్బాలు కొనకు. ఆట మానేశాక తగ్గించుకోవాల్సి ఉంటుందని ఇప్పుడే చెప్పి ఉంచు. మావాడు పన్నెండో తరగతిలో 240 పౌన్లు, ఇప్పుడు 195.

దెబ్బల భయం నాకు నాలుగేళ్లూ పోలేదు. లైన్‌లో తలలు రోజూ తగులుతాయి. ఒక్క నియమం పెట్టాను: తలనొప్పి వచ్చినా, కళ్లు బైర్లు కమ్మినా, వెలుతురు చూడలేకపోయినా దాచకూడదు. ముందు స్కూల్ ట్రైనర్‌కు చెప్పాలి, తర్వాత నాకు. దాచాడని తెలిస్తే ఆ సీజన్ ఆట లేదు. ఒకసారి చెప్పాడు, రెండు వారాలు బయట కూర్చున్నాడు, నేను ఒక్క మాట అనలేదు.

ఇవన్నీ విన్నాక కూడా మానేస్తానంటే మాననివ్వు, ఆట వాడిది. కానీ ఓడిపోయిన వారంలో ఆ నిర్ణయం తీసుకోవద్దని చెప్పు. సీజన్ నవంబర్ మొదట్లో అయిపోతుంది, అప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

మా అబ్బాయి ఆదివారం సాయంత్రాలు ఖాళీగానే ఉంటాడు, నీ ఉత్తరం చదివి తనే మాట్లాడతానన్నాడు. పత్రిక ఆఫీసుకు నీ నంబర్ రాసి పంపు, నాకు చేరుస్తారు. ఆ మొదటి మ్యాచ్ వీడియో కూడా పంపు, మీవాడి పక్కనున్న సెంటర్ కనపడేలా ఉండాలి.